రంగు పోయిన గిన్నెలు

ఎల్కె బాకార్ట్ మెట్లెక్కి వచ్చేసరికి వానెస్ పొయ్యి మీద గుడ్డు ఉడకబెట్టుకుంటున్నాడు. ఘెంట్ నగరంలో ఉన్ని దారాల దుకాణం పైన ఉన్న రెండు గదుల ఆఫీసు అది. వచ్చినామెకు పాతికేళ్ళు దాటి ఉంటాయి. తడిసిన వానకోటు విప్పకుండానే కుర్చీ అంచున కూర్చుంది. ఆమె కళ్ళలో ఉన్నది ఒట్టి భయం కాదని వానెస్‌కి అనిపించింది.

"ప్రొఫెసర్ డెబాకర్ పరిశోధనాలయంలో నన్ను ఉద్యోగంలోంచి తీసేశారండీ. అది తర్వాత సంగతి. ముందు ఒక చిన్నపిల్ల ప్రాణం మీదికి వస్తోంది. నమ్మేటట్టయితే చెప్తాను. లేకపోతే ఇప్పుడే లేచి వెళ్ళిపోతాను" అంది.

గొడెలీవ్ మార్టెన్స్ చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టింది. పోలీసుశాఖలో చాలా కాలం పనిచేసి, పై అధికారి బావమరిదిని దొంగతనం కేసులో పట్టుకున్న పాపానికి బయటికి వచ్చేసిన మనిషి ఆవిడ. అప్పటినుంచి సొంతంగా కేసులు చూసుకుంటోంది. పెద్దమనుషులు ఆడే అబద్ధాలంటే ఆవిడకు ఒళ్ళు మంట.

"నమ్మడమా మానడమా అన్నది విన్నాక చూద్దాం. మొదట్నుంచి చెప్పమ్మా. సైన్సు ముక్కలు మాత్రం మా వానెస్‌కి అర్థమయ్యేలా చెప్పు. వీడికి అర్థమైతే ఊళ్ళో అందరికీ అర్థమైనట్టే."

వానెస్ ఈ మాటకు ఎప్పుడో అలవాటు పడ్డాడు. ఆవిడ దగ్గర చేరిన దగ్గర్నుంచి రోజుకొకటైనా ఇలాంటిది తగలకపోతే ఏదో వెలితిగా ఉంటుంది అతనికి.

"మన ఎముకల్లో మూలుగ ఉంటుంది కదండీ. రక్తం తయారయ్యేది అక్కడే" అని మొదలుపెట్టింది ఎల్కె. "తల్లికణాలు అక్కడ ఊరికే కూర్చుని ఉంటాయి. తెల్లకణాలు కావాలి, చెయ్యండని కబురొస్తేనే కదులుతాయి. ఆ కబుర్లు మోసే ప్రోటీన్లనే సైటోకైన్లు అంటాం. కబురు రాకపోతే రక్తం తయారవదు, ఒంటికి కాపలా ఉండదు. మరీ ఎక్కువొచ్చినా ప్రమాదమే, కాపలా కణాలు సొంత ఒంటిమీదే తిరగబడతాయి."

"మీ ప్రొఫెసర్ అలాంటి ప్రోటీను కొత్తదేదో కనిపెట్టాడని పేపర్లో చదివాను" అంది గొడెలీవ్.

"గాండా. ఈ ఊరి పాత పేరే పెట్టారు దానికి. బాక్టీరియా చేత తయారు చేయించి, తీసి, శుభ్రం చేస్తాం. ఆ శుభ్రం చేసే పని నాది. విచిత్రం ఏంటంటే, ఎంత శుభ్రం చేస్తే అంత నీరసపడింది. పూర్తిగా కడిగేశాక, గిన్నెల్లో పెంచే మూలుగ కణాలకి పోస్తే ఒక్కటి కదల్లేదు. అప్పుడు అనుమానం వచ్చింది. ఇన్నాళ్ళూ పనిచేసింది గాండా కాదేమో, దాన్ని అంటుకుని వచ్చిన బాక్టీరియా మురికేమో అని."

"మురికి రక్తాన్ని పుట్టిస్తుందా?" అని వానెస్ అడిగాడు.

"పుట్టించదు. ఆ మురికిని చూసి కాపలా కణాలు కంగారుపడి కేకలేస్తాయి. ఆ కేకలే అసలైన కబుర్లు. దొంగొచ్చాడని ఊరంతా లేస్తే, ఊరిని లేపిన పుణ్యాత్ముడని దొంగకి సన్మానం చేసినట్టుంది మా పని." ఆమె నవ్వబోయి మానేసింది. "తేల్చుకోవడం కష్టం కాదు. ప్రోటీను గుడ్డు సొన లాంటిది, ఉడికితే దాని పని అయిపోయినట్టే. బాక్టీరియా మురికి ఉడికినా చావదు. అందుకని పాత గాండాని ఉడకబెట్టి కణాలకి పోశాను. కడిగింది పనిచెయ్యట్లేదని లాబ్‌లో చెప్పాను గానీ, ఈ పరీక్ష సంగతి ఎవరికీ చెప్పలేదు. నిన్న సోమవారం వచ్చి చూసేసరికి ఆ గిన్నెలు చెత్తసంచిలో ఉన్నాయి. నేను శుభ్రం చేసిన గాండా పెట్టె గదిని వేడిచేసే రేడియేటర్ మీద వెచ్చగా ఉంది."

"ఎవరు చూశారు దాన్ని?"

"నాతోపాటు పనిచేసే వెర్నర్. ప్రొఫెసర్ అందర్నీ పిలిచి, వాళ్ళ ముందే నన్ను కడిగేశారు. రెండు రోజులు రేడియేటర్ మీద పెట్టి మందుని ఉడకబెట్టావు, పైగా మందే పనిచెయ్యదని పుకారు లేపుతావా, ఎవరికి అమ్ముడుపోయావు అని."

"నీ గిన్నెల మీద ఏం రాసి పెట్టావు?"

"పేరు తప్ప ఏమీ రాయలేదు. సున్నా చుట్టానంతే. ఉడికించినదానికి సున్నా, మామూలుదానికి గీత. మా ఒడెట్ మేడమ్ నేర్పిన గుర్తులు. ప్రొఫెసర్ తర్వాత ఆవిడే. నాకు పని నేర్పిందీ ఆవిడే."

"మరి పిల్ల సంగతి?"

"నెలె అని తొమ్మిదేళ్ళ పిల్ల. మూలుగ ఎండిపోయింది. ఈ వచ్చే సోమవారం కాదు, ఆ పై సోమవారం దానికి గాండా ఎక్కిస్తారు. నేను శుభ్రం చేసింది పాడైందన్నారు కదా, పాతదే ఎక్కిస్తారు. దాన్ని కుందేలుకి ఎక్కిస్తే మండిపోయే జ్వరం వచ్చింది. సైటోకైన్ అన్నాక జ్వరం సహజం అని కొట్టిపారేశారు. ఒంట్లో కాపలా అన్నదే లేని పిల్లకి ఆ మురికి ఎక్కిస్తే పిల్ల తట్టుకోలేదండీ." ఆమె గొడెలీవ్ వైపు తిరిగింది. "నేను పాడుచేశానని అందరూ నమ్మినంతకాలం ఆ సూది ఆగదు."

గొడెలీవ్ పొయ్యి మీది గిన్నెవైపు చూసింది. తర్వాత, "ఆ పాత గాండా కొంచెం దొరుకుతుందా?" అని అడిగింది.

ఎల్కె కోటు లోపలి జేబులోంచి చిన్న ఫ్లాస్కు తీసి బల్ల మీద పెట్టింది. "వెళ్ళగొట్టేటప్పుడు తెచ్చేశాను. దొంగతనమే అనుకోండి."

"అనుకోను. వానెస్, నీ గుడ్డు తీసెయ్. నీళ్ళు మాత్రం మరగనీ."

ఎల్కెని గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, గొడెలీవ్ ఒక గాజుగొట్టంలో గాండాని పోసి, మూత బిగించి, వానెస్ గుడ్డు ఉడికిన నీళ్ళలోనే పావుగంట మరిగించింది. మరో గొట్టంలో మరిగించని గాండా, మూడోదాంట్లో ఒట్టి ఉప్పునీళ్ళు. మూడింటికీ తనకే తెలిసిన అంకెలు వేసి ఎల్కె చేతికిచ్చింది. లూవెన్ ఊళ్ళో ఎల్కె స్నేహితురాలికి సొంత లాబ్ ఉంది. ఏది ఏదో తెలియకుండానే వాటిని అక్కడ కణాలకు పోసి పెంచుకు రమ్మంది.

*

మర్నాడు గొడెలీవ్, వానెస్ కాలవ ఒడ్డున ఉన్న ఆ పరిశోధనాలయానికి వెళ్ళారు. ఎల్కె తరఫున యూనియన్ మనుషులుగా వెళ్ళారు. ఈ ఊళ్ళో యూనియన్ పేరు చెబితే బిషప్పుగారి పడకగది తలుపైనా తెరుచుకుంటుంది.

ప్రొఫెసర్ ఆచిల్ డెబాకర్ నిలువెత్తు మనిషి. వెండి జుట్టు, మెడకు బో టై. ఎదుటివాళ్ళతో మాట్లాడుతూ కిటికీ అద్దంలో తనను తాను చూసుకునే అలవాటు ఉన్నవాడు.

"ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదమ్మా, జాలి ఉంది" అన్నాడు. "గాండా పనిచేస్తుందని ప్రపంచమంతా ఒప్పుకుంది. ఒక్క ఎల్కె చేతిలోనే పనిచెయ్యదట! ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు లేదూ?"

"రేడియేటర్ మీది వేడికి పాడైందంటారు?"

"ప్రోటీన్లు చాలా సున్నితం. మీలాంటివాళ్ళకి వివరించడం కష్టం."

"ప్రయత్నించండి సార్. కణాల్ని మీరు ఏ వేడిలో పెంచుతారు?"

"మనిషి ఒంటి వేడిలో. ఇంక్యుబేటర్లో."

"అందులో గాండా ఎన్నాళ్ళుంటుంది?"

"వారం పైనే." చెప్పాక ఆయన కొంచెం ఆగాడు. "దానికీ దీనికీ సంబంధం లేదు."

గొడెలీవ్ తల ఊపింది. కణాలు పెంచే గది చూపించమంది. వరసగా తెల్లబల్లలు, ఒక మూల ఇంక్యుబేటర్. దాని అద్దం తలుపులోంచి చిన్న ప్లాస్టిక్ గిన్నెలు దొంతరలుగా కనబడ్డాయి. కణాలకు పోసే పోషకద్రవం వాటిలో గులాబీ షర్బత్ రంగులో ఉంది. ఎల్కె పేరున్న దొంతర ఒకటి అందులో చెక్కుచెదరకుండా ఉంది. దాని మూతల మీద సున్నాలేవీ లేవు.

"అయ్యో, నీ చొక్కాకి ఇంకు మరకయిందే" అంది గొడెలీవ్, వానెస్ చేతివైపు చూసి. "ప్రొఫెసర్‌గారూ, కాస్త బ్లీచ్ ఇప్పిస్తారా?"

ఆ మరక పొద్దున కారులో ఆవిడ తన కలంతో పెట్టిందే. వానెస్ నోరు మూసుకున్నాడు. ప్రొఫెసర్ ఒక అలమారా తెరిచాడు, చేతిగ్లవ్సులున్నాయి. ఇంకోటి తెరిచాడు, కాగితాలున్నాయి. సింకు కింద వంగి చూశాడు. చివరికి విసుగెత్తి, "ఒడెట్! ఈ బ్లీచ్ ఎక్కడ చచ్చింది?" అని వసారాలోకి కేక పెట్టాడు. సీసా ఆయన మోచేతి పక్కనే, బల్లమీద ఉంది.

*

వెర్నర్ నిద్రలేమితో కళ్ళు వాచిన కుర్రాడు. ఎల్కె పోతే ఆమె పని తనకే వస్తుందని దాచకుండా చెప్పాడు.

"వస్తే కాదంటానా అండీ? కానీ ఆ పెట్టె నేను పెట్టలేదు. సోమవారం పొద్దున అందరికంటే ముందు వచ్చింది నేనే. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే చెయ్యి కాచుకుందామని రేడియేటర్ దగ్గరికెళ్ళా. దానిమీద పెట్టె ఉంది."

"చలేంటి, రేడియేటర్ ఉండగా?"

"శుక్రవారం సాయంత్రం హీటింగ్ కట్టేస్తారు. మళ్ళీ సోమవారం మనుషులొచ్చే ముందు వేస్తారు. పొదుపట! ఇంటికెళ్ళి కూడా పొదుపు చేస్తారేమో ఈ పెద్దోళ్ళు."

"శని ఆదివారాల్లో లోపలికి రాగలిగేది ఎవరు?"

"తాళాలున్నవాళ్ళు. ప్రొఫెసర్, ఒడెట్ మేడమ్, ఎల్కె, నేను."

"ఎల్కె గిన్నెల మీద సున్నాలుండేవట. అవేంటో తెలుసా?"

"సున్నాలా? నాకేం తెలుసండీ. నేను వేరే లాబ్ నుంచి వచ్చా. మూతమీద మొత్తం రామాయణం రాస్తా. ఇక్కడివాళ్ళు గీతలూ చుక్కలూ పెడతారు, ముగ్గులేసినట్టు."

అంతలో వెనకనుంచి ఒక గొంతు ఖంగుమంది. "ముగ్గుల సంగతి తర్వాత. బ్లీచ్ పొయ్యకుండా గిన్నెలు పారేస్తే ఈసారి నీ జీతం కోయిస్తా వెర్నర్. బతికున్న కణాల్ని చెత్తలో పడేస్తావా? ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

డాక్టర్ ఒడెట్ వైట్స్ లోపలికి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. పొట్టి జుట్టు, ఎర్రగా పగిలిన చేతులు. వాళ్ళిద్దరికీ తనే కాఫీ పోసి, పక్కన దాల్చినచెక్క బిస్కెట్టు పెట్టింది.

"ఎల్కె నా కూతురు లాంటిదండీ" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "చెయ్యి పట్టుకుని నేర్పాను. ఎంత మంచి పనివాళ్ళకైనా ఒక్కోరోజు చెయ్యి జారుతుంది. తప్పు ఒప్పేసుకుంటే ప్రొఫెసర్‌ని నేను బతిమాలుకుంటాను. మీరైనా చెప్పండి దానికి."

ఆ మాట విని వానెస్‌కి ఆవిడమీద గౌరవం కలిగింది. ఆ సంగతి తర్వాత చాలా రోజులు అతన్ని బాధించింది.

వెళ్ళబోయే ముందు గొడెలీవ్ చెత్త చూడాలంది. సంచులు బుధవారం మధ్యాహ్నం తీసుకెళతారట, ఇంకా పోలేదు. వానెస్ గ్లవ్సులు వేసుకుని వెతికాడు. వెర్నర్ సంచిలో గిన్నెలన్నీ పుల్లటి కంపు కొడుతూ, గులాబీ రంగు వదలకుండా ఉన్నాయి. మరో సంచిలో ఎల్కె గిన్నెలు దొరికాయి. మూతల మీద సున్నాలు, పక్కన గీతలు. వాటిలో ద్రవం మంచినీళ్ళలా తెల్లగా ఉంది. గొడెలీవ్ ఒకదాన్ని వాసన చూసి, మూత పెట్టి, రెండుమూడు గిన్నెలు రుమాల్లో చుట్టుకుంది.

*

లూవెన్‌లో కణాలు పెరుగుతుండగా వానెస్‌ని ఆసుపత్రికి పంపింది గొడెలీవ్. నెలె తండ్రి ఫిర్మిన్ ట్రాము నడుపుతాడు. డ్యూటీ దుస్తుల్లోనే, పిల్ల ఉన్న గాజుగది బయట నిలబడి ఉన్నాడు. నెలె అద్దానికి అవతల మంచం మీద కూర్చుని, పేకముక్కలు అద్దానికి ఆనించి తండ్రితో ఆడుతోంది. మోసం చేస్తోంది కూడా.

"ప్రొఫెసర్‌గారు దేవుడండీ" అన్నాడు ఫిర్మిన్. "ఆయనే స్వయంగా వచ్చి నా భుజం మీద చెయ్యేసి చెప్పారు. మొదటి రోజు కాస్త జ్వరం వస్తుందట, అది మందు పనిచేస్తోందన్న గుర్తట. జ్వరమొస్తే భయపడద్దు, సంతోషించమన్నారు."

వానెస్ ఆఫీసుకు వచ్చి ఈ మాట చెప్పినప్పుడు గొడెలీవ్ చేతిలోని కప్పును బల్లమీద ఎంత గట్టిగా పెట్టిందంటే దాని పిడి ఊడిపోయింది.

"సంతోషించమన్నాడా? పిల్ల మండిపోతుంటే తండ్రిని సంతోషించమన్నాడా?" అంది.

*

సూది వెయ్యాల్సిన సోమవారానికి ముందు శుక్రవారం, పరిశోధనాలయం కాఫీ గదిలో అందరూ కూర్చున్నారు. ప్రొఫెసర్, ఒడెట్, వెర్నర్ ఒకవైపు. ఎల్కె, ఫిర్మిన్ మరోవైపు. బల్ల మధ్యన మైక్రోస్కోపు ఉంది. వానెస్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ప్రొఫెసర్‌గారూ, మీ నైపుణ్యం ఈ ట్రాము డ్రైవర్‌గారికి చూపించండి" అంది గొడెలీవ్, లూవెన్ నుంచి వచ్చిన మూడు గిన్నెలు ముందు పెట్టి. "ఇవి మూలుగ కణాలే. వీటిలో మీ గాండా పోసినవేవో, పోయనిదేదో చెప్పగలరా?"

"పసిపిల్లవాడు కూడా చెప్తాడు." ఆయన కంటిని అద్దానికి ఆనించాడు. మొదటి గిన్నె చూసి పక్కకు నెట్టాడు. "ఇందులో ఏమీ లేదు, ఒట్టి నీళ్ళు." రెండోది చూశాడు. "ఇదుగో, చూడండి! ఎన్ని గుంపులో! ఇది గాండా." మూడోది చూసి ఇంకా వెలిగిపోయాడు. "ఇదీ గాండాయే. దీనంత బాగా ఇంకేదీ రాలేదు. ఫిర్మిన్‌గారూ, రండి, మీ అమ్మాయిని నిలబెట్టే మందు ఎలా పనిచేస్తుందో కళ్ళారా చూడండి!"

"ఖాయమేనా?"

"పాతికేళ్ళ అనుభవమమ్మా!"

"రెండో గిన్నెలో పోసింది గాండాయే" అంది గొడెలీవ్. "మూడోదాంట్లో పోసిందాన్ని మా వానెస్ గుడ్డు గిన్నెలో పావుగంట మరిగించాను. అదే నీళ్ళలో అంతకుముందు గుడ్డు రాయిలా అయింది. మీ ప్రోటీను కూడా అలాగే అయి ఉండాలి కదా. మరి ఏది పనిచేసింది సార్?"

ప్రొఫెసర్ మళ్ళీ మైక్రోస్కోపులోకి వంగాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు. లేచేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మురికి" అన్నాడు వెర్నర్, తనలో తాను అనుకున్నట్టు. "ఒట్టి బాక్టీరియా మురికి."

"ఎల్కె దాన్ని కడిగేసింది" అంది గొడెలీవ్. "అందుకే ఆమె చేతిలో మందు పనిచెయ్యలేదు. ఆమె తప్పల్లా శుభ్రంగా పనిచెయ్యడమే. ఇక ఆమె గిన్నెల్ని పారేసి, పెట్టెని రేడియేటర్ మీద పెట్టింది ఎవరో చూద్దాం. రెండు రోజులు ఉడికిందన్నారు. శని ఆదివారాలు హీటింగే లేదు. సోమవారం పొద్దున కాసేపు గోరువెచ్చనయింది, అంతే. ఒంటి వేడిలో వారం పైన బతికే మందు దానికి చస్తుందా? ప్రొఫెసర్‌గారి నోటినుంచే ఆ మాట వచ్చింది, మళ్ళీ మింగేశారు. ఆ పెట్టె ఉత్త నాటకం. కడిగిన మందు పనిచెయ్యకపోతే తప్పు వేడిదే అనిపించి, ఎల్కె చేసిన పనిని మళ్ళీ ఎవరూ చేసి చూడకుండా ఆపడానికి."

ఆవిడ రుమాలు విప్పింది. తెల్లబారిన గిన్నెలు బయటపడ్డాయి.

"పారేసినవాళ్ళు ఎల్కె గిన్నెలన్నీ పారెయ్యలేదు. సున్నాలున్న దొంతర ఒక్కటే తీశారు. సున్నా అంటే ఉడికించినది అని తెలిసినవాళ్ళే ఆ పని చెయ్యాలి. వెర్నర్‌కి ఆ గుర్తులు తెలియవు. పైగా ఇవి చూడండి, రంగు లేదు. బ్లీచ్ పోస్తే గులాబీ రంగు విరిగిపోతుంది. నేరం చేస్తూ కూడా, బతికున్న కణాల్ని అలాగే చెత్తలో వెయ్యడానికి ఆ మనిషికి చేతులు రాలేదు. బ్లీచ్ పోసి, రంగు పోయేదాకా ఆగి, అప్పుడు పారేశారు. వెర్నర్ ఏనాడూ బ్లీచ్ పోసిన పాపాన పోలేదు. ప్రొఫెసర్‌గారికి మోచేతి పక్కనున్న సీసా కనబడదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నేర్చుకున్న శుభ్రమూ అంతేనమ్మా, ఒడెట్‌గారూ."

ఒడెట్ తన ఎర్రటి చేతులు బల్ల కిందికి తీసుకుంది. ఎల్కె ఆవిడవైపే చూస్తోంది.

"బ్లీచ్ ఎల్కె కూడా పోస్తుంది" అంది ఒడెట్ చివరికి.

"పోస్తుంది. ఫలితం చూసుకోకుండా, తన పరీక్షని తనే చంపుకుంటుందా? సరే, ఇంకో ప్రశ్న. ఉడికించినదానికి సున్నా అని గుర్తు నేర్పింది మీరు. అంటే ఉడికించి చూడాలని మీకు తెలుసు. మీ పేరు అందరికంటే ముందు అచ్చయిన గాండా పరిశోధన వ్యాసంలో ఆ పరీక్ష ఎందుకు లేదు?"

"చేశాను." ఆవిడ గొంతు చాలా చిన్నదైపోయింది. "రెండేళ్ళ కిందటే చేశాను. అప్పటికే వ్యాసం అచ్చయిపోయింది. ఈయన రేడియోలో మాట్లాడేశారు. ఏదో ఒకరోజు శుభ్రం చేస్తే అసలైన గాండా బయటపడుతుందిలే అనుకున్నా. ఇరవై ఏళ్ళు ఈయన వెనకాల గిన్నెలు కడిగాను. మొదటిసారి నా పేరు ముందు పడింది."

"పిల్లకి ఎక్కిస్తున్నారని తెలిశాక?"

ప్రొఫెసర్ ఒక్కసారి లేచాడు. "నన్ను ఇంత మోసం చేశావా ఒడెట్? ఫిర్మిన్‌గారూ, మీ ముందే చెబుతున్నాను, నేను కూడా మోసపోయినవాణ్ణే!"

"కూర్చోండి!" గొడెలీవ్ అరిచింది. ఆవిడ అరవడం వానెస్ అంతకుముందు ఎన్నడూ వినలేదు. "మోసపోయారా? కుందేలు జ్వరంతో మండిపోతే జ్వరం సహజమన్నారు. ఎల్కె నిజం చెబితే అమ్ముడుపోయిందన్నారు. మీకు నచ్చనిది ఒక్కటైనా ఆగి చూశారా? మిమ్మల్ని మోసం చెయ్యడానికి ఒడెట్ పెద్దగా కష్టపడక్కర్లేదు సార్, సగం పని మీరే చేసిపెట్టారు. తిలాపాపం తలా పిడికెడు. కాకపోతే ఆ పాపం ఎక్కేది తొమ్మిదేళ్ళ పిల్ల నరంలోకి!"

ఎల్కె లేచి నిలబడింది. "సూది ఆపుతున్నట్టు ఇప్పుడే ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి. నా ముందే."

ప్రొఫెసర్ ఫోన్ చేశాడు. నంబరు రెండుసార్లు తప్పు తిప్పాడు. పని అయ్యాక ఎల్కెవైపు తిరిగి, "సోమవారం నుంచి నువ్వు పనిలోకి..." అన్నాడు.

"ముందు ఆ వ్యాసం తప్పని అచ్చు వేయించండి. తర్వాత మాట్లాడదాం."

అప్పటిదాకా ఫిర్మిన్ టోపీ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఇప్పుడు నెమ్మదిగా అడిగాడు. "అయితే మా నెలెకి ఏం మందు ఇస్తారండీ?"

ప్రొఫెసర్ కిటికీవైపు చూశాడు. ఒడెట్ బల్లవైపు చూసింది.

"లేదండీ" అంది ఎల్కె. "ఇప్పటికి ఏ మందూ లేదు. రక్తం ఎక్కిస్తూ ఉండాలి, మూలుగ సరిపోయి, ఇవ్వగలిగే మనిషి కోసం వెతకాలి. దొరుకుతుందని మాట ఇవ్వలేను."

ఫిర్మిన్ తల ఊపాడు. "మీరు వచ్చి ఆ మాట దానికి చెప్తారా అమ్మా? నేను చెబితే నమ్మదు. సోమవారం సూది పడితే బాగైపోతావని ఈ నోటితోనే రోజూ చెప్పాను."

గొడెలీవ్ కారు తాళాలు వానెస్ చేతిలో పెట్టింది.

ఆసుపత్రిలో గాజుగది బయట, మాట్లాడే గొట్టం దగ్గర ఎల్కె మోకాళ్ళ మీద కూర్చుంది. దానివల్ల ఆమె మొహం పిల్ల మొహానికి సరిగ్గా ఎదురుగా వచ్చింది. ఫిర్మిన్ ఆమె వెనకాలే నిలబడ్డాడు.

"సోమవారం సూది లేదు నెలె."

"ఎందుకు లేదు?"

"అది మందు కాదు కనక. నీకు చాలా జబ్బు చేసేది."

నెలె తండ్రివైపు చూసింది. ఆయన అవునన్నట్టు తల ఊపాడు. పిల్ల ఏడవలేదు. అద్దానికి ముక్కు ఆనించి అడిగింది.

"మరి ఆ పెద్దవాళ్ళకి తెలీదా?"

వానెస్ గోడకు ఆనుకుని నేలవైపు చూశాడు. ఎల్కె ఏదైనా మంచిమాట చెప్పి దాటేస్తుందని ఎదురుచూశాడు.

"తెలుసు" అంది ఎల్కె.